మూడుసార్లు కాదన్న అమ్మాయి

ఇంగ్లీషు ప్రేమ నవలలు అనగానే మొదట వినిపించే పేర్లలో జేన్ ఆస్టిన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఒకటి. 1813 జనవరి 28న లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన ఈ పుస్తకానికి రెండు శతాబ్దాలు దాటాక కూడా కొత్త పాఠకులు వస్తూనే ఉన్నారు. కథ చెప్పమంటే చాలామంది చెప్పేది ఇది: డబ్బున్న డార్సీకి గర్వం ఎక్కువ, తెలివైన ఎలిజబెత్‌కు అతని మీద దురభిప్రాయం ఎక్కువ, ఇద్దరూ మొదట మాటలు అనుకుని, తర్వాత ఒకరినొకరు అర్థం చేసుకుని పెళ్లాడతారు. ఇది తప్పు కాదు గానీ సగమే. మిగిలిన సగం ఆస్తి గురించి. తండ్రి ఇంట్లో వాటా లేదు, చేతిలో సంపాదన లేదు, పెళ్లి తప్ప మరో బతుకుదెరువు లేదు. అలాంటి అమ్మాయి తనకు నచ్చని సంబంధాన్ని కాదనగలదా, కాదంటే ఏం పోగొట్టుకుంటుంది అన్నదే ఈ నవల అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను పక్కన పెడితే ఇది దూరదేశపు దొరల ఇళ్ల ముచ్చటగా మిగిలిపోతుంది. ఆ ప్రశ్నతో చదివితే ఓరుగల్లు ప్రాంతంలోని తొర్రూరులోనో పాలకుర్తిలోనో ఆడపిల్లల్ని కన్న ఏ ఇంటివాళ్లకైనా తమ ఇంటి సంగతిలాగే తోస్తుంది. ఈ నవల లోతును పట్టుకోవడానికి కావలసిన అనుభవమంతా తెలుగు పాఠకుల దగ్గర ముందే ఉందన్నది ఈ వ్యాసం వాదన.

ముందు లెక్కలు చూద్దాం. పాత్రల ముక్కూ ముఖం ఎలా ఉంటాయో ఆస్టిన్ పెద్దగా చెప్పరు. వాళ్ల రాబడి ఎంతో మాత్రం కచ్చితంగా చెబుతారు. లాంగ్‌బోర్న్ ఊళ్లో బెనెట్ అనే భూస్వామికి ఏడాదికి 2,000 పౌండ్లు వస్తాయి. అయిదుగురూ కూతుళ్లే. పెళ్లినాటి ఒప్పందం కింద ఆయన భార్యకూ పిల్లలకూ కలిపి ఉన్న సొమ్ము 5,000 పౌండ్లు. తల్లి తదనంతరం ఒక్కో కూతురికి 1,000 పౌండ్లు దక్కుతాయి. నాలుగు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 40 పౌండ్లు. పొరుగున అద్దెకు దిగిన బింగ్లీ అనే యువకుడి ఆదాయం ఏడాదికి నాలుగైదు వేలు. అతని స్నేహితుడు డార్సీది 10,000. అంటే నాయకుడి ఏడాది ఆదాయం నాయిక ఎప్పుడో అందుకోబోయే దానికి 250 రెట్లు. ఈ అంకెలు ఊరందరికీ తెలుసు. డార్సీ విందులో అడుగుపెట్టీ పెట్టకముందే అతని రాబడి ఎంతో గది మొత్తం పాకిపోతుంది. పెళ్లికొడుకు ఎన్నెకరాల ఆసామి, జీతమెంత, ఎంత అడుగుతున్నారు అని మధ్యవర్తులు మాట్లాడుకోవడం విన్నవాళ్లకు ఈ సన్నివేశం కొత్తగా అనిపించదు. ప్రేమకథకు ముందు జమాఖర్చుల పుస్తకం తెరిచి చూపించడమే ఆస్టిన్ పద్ధతి. ఆ పుస్తకాన్ని దాటవేసి ప్రేమను మాత్రమే చదివితే ఎలిజబెత్ చేసిన సాహసం విలువ తెలియదు.

బెనెట్ భూమి ఆయన కూతుళ్లకు రాదు. పూర్వులు రాసిన కట్టడి ప్రకారం అది మగ వారసుడికే చెందాలి. మగపిల్లలు లేకపోతే దూరపు బంధువు కాలిన్స్‌కు పోతుంది. తండ్రి కన్నుమూసిన నాడు తల్లీ అయిదుగురు కూతుళ్లూ ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అప్పటి చట్టమే అంత కదా, దానికి ఎవరేం చేస్తారు అని ఎవరైనా అనవచ్చు. ఆస్టిన్ ఆ సాకును ముందే కొట్టేశారు. నవలలో అందరికన్నా అధికారం చెలాయించే లేడీ కాథరిన్ తమ వంశంలో ఇలాంటి కట్టడి పెట్టుకోలేదని, ఆడపిల్లల్ని కాదని ఆస్తిని పక్కకు మళ్లించాల్సిన పని ఏముందని అంటుంది. ఆమె ఒక్కగానొక్క కూతురే రోజింగ్స్ ఎస్టేటుకు వారసురాలు. ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒక ఇంట్లో కూతురికి ఎస్టేటు వస్తుంది, మరో ఇంట్లో అయిదుగురు కూతుళ్లకు నిలువనీడ ఉండదు. కాబట్టి అది తలరాత కాదు, ఎవరో పెద్దలు చేసిన నిర్ణయం. ఈ విషయం ఓరుగల్లు చరిత్ర తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. కొడుకులు లేని గణపతిదేవుడు 13వ శతాబ్దంలో కాకతీయ సింహాసనాన్ని కూతురు రుద్రమదేవికి అప్పగించాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు అనే మగ పేరుతో కనిపిస్తుంది. అంటే లోకం ఒప్పుకోవడానికి అంత అవసరమైంది. అయినా తండ్రి తలుచుకున్నాడు, జరిగింది. సామాన్యుల ఇళ్లలో మగపిల్లలు లేకపోతే అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకునేవారు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఈ ఆచారాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టులు కూడా గుర్తించాయి. బెనెట్ తెలుగుదేశంలో పుట్టి ఉంటే ఆయన పెద్దకూతురికి ఇల్లరికపు సంబంధం చూసేవారు.

మరి బెనెట్ ఏం చేశాడు? కొడుకు పుడతాడని ఎదురుచూశాడు. కొడుకు పుట్టి పెద్దవాడైతే తండ్రీకొడుకులు కలిసి ఆ కట్టడిని రద్దు చేసుకోవచ్చు, అప్పుడు భార్యకూ ఆడపిల్లలకూ ఏర్పాటు చేయవచ్చు అనుకున్నాడు. ఆ నమ్మకంతో ఒక్క పౌండు కూడా వెనకేయలేదు. అయిదో కూతురు పుట్టిన చాలా ఏళ్ల తర్వాత కూడా ఆయన భార్య ఆశ వదులుకోలేదు. ఆశ పోయేనాటికి పొదుపు మొదలుపెట్టే వయసు దాటిపోయింది. బెనెట్ చెడ్డవాడు కాదు. చమత్కారి, చదువరి, ఎలిజబెత్ అంటే ప్రాణం. కానీ ప్రేమ ఉన్న తండ్రి సైతం ఏర్పాటు చేయకపోతే కూతుళ్ల బతుకు గాలికి పోతుందని ఆస్టిన్ నిర్దాక్షిణ్యంగా చూపిస్తారు. పాఠకులంతా నవ్వుకునే పాత్ర ఆయన భార్య. ఎప్పుడూ సంబంధాల గోలే, ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదు. అయితే ఆ ఇంట్లో రాబోయే ప్రమాదాన్ని రోజూ తలుచుకుని భయపడుతున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె ప్రవర్తన ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ ఆమె భయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. కొడుకు కోసం చూసి చూసి వరసగా ఆడపిల్లల్ని కన్న ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. ఆ ఇళ్లలో ఆ తల్లి పడే ఆరాటాన్ని ఎరిగినవాళ్లు బెనెట్ భార్యను వట్టి హాస్యపాత్ర అని తీసిపారేయలేరు.

ఇలాంటి ఇంట్లో పుట్టిన ఎలిజబెత్‌కు ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. ఆమె నవలలో మూడుసార్లు కాదంటుంది. కథకు వెన్నెముక ఆ మూడు నిరాకరణలే. మొదటిది కాలిన్స్‌కు. తండ్రి తర్వాత ఇల్లు అతనిదే కాబట్టి ఆమె ఒప్పుకుంటే తల్లికీ అక్కచెల్లెళ్లకూ నీడ పోదు. కాలిన్స్ ఆ సంగతి తెలిసే వచ్చాడు. నీకు రాబోయే 1,000 పౌండ్లు కూడా మీ అమ్మ పోయాకే గదా, ఇంకొక సంబంధం వస్తుందన్న భరోసా ఏముంది అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఎలిజబెత్ మర్యాదగా కాదంటుంది. ఆమె మొహమాటానికి అలా అంటోందని, ఆడపిల్లలు మొదట కాదనడం మామూలేనని అతను పట్టు వదలడు. ఆడపిల్ల కాదంటే అది కాదనే అర్థమని వినిపించుకోని మగవాణ్ని ఇంత స్పష్టంగా చిత్రించిన సన్నివేశం ఆ కాలపు సాహిత్యంలో అరుదు. ఆ వెంటనే ఆస్టిన్ నాణేనికి రెండో వైపు చూపిస్తారు. రోజులు తిరక్కుండానే అదే కాలిన్స్‌ను ఎలిజబెత్ ప్రాణస్నేహితురాలు షార్లెట్ లూకస్ ఒప్పుకుంటుంది. ఆమెకు 27 ఏళ్లు, అందం లేదు, ఆస్తి లేదు. తనకంటూ ఒక ఇల్లు కావాలనే చేసుకుంటున్నానని దాపరికం లేకుండా చెబుతుంది. రచయిత్రి షార్లెట్‌ను తిట్టరు. ఆమె లెక్క ఆమెది, ఆ లెక్క వేసుకోవాల్సిన గతి పట్టించిన లోకానిదే తప్పు అని మనకు అనిపించేలా రాస్తారు.

రెండో నిరాకరణ ఇంకా ఖరీదైనది. ఏడాదికి 10,000 పౌండ్ల డార్సీ స్వయంగా వచ్చి పెళ్లి ప్రస్తావిస్తాడు. ప్రేమ ఉందని చెబుతూనే ఆమె కుటుంబం తన స్థాయికి తగనిదని, ఆ చిన్నతనాన్ని దిగమింగుకుని వచ్చానని కూడా వివరిస్తాడు. ఆమె కాదనే అవకాశం ఉందన్న ఊహే అతనికి లేదు. అక్క జేన్ పెళ్లి చెడగొట్టినవాడని, వికమ్ అనే యువకుడికి అన్యాయం చేసినవాడని అప్పటికే కోపంతో ఉన్న ఎలిజబెత్ ఆ సంబంధాన్ని తిరగ్గొడుతుంది. ఆమె నమ్మినవాటిలో కొన్ని తప్పులున్నాయని తర్వాత తేలుతుంది. వికమ్ మోసగాడు. ఆ తప్పును ఆమె తనంత తానే ఒప్పుకుంటుంది. అయితే నిరాకరించడంలో తప్పు లేదు. నువ్వు తక్కువదానివైనా నిన్ను ప్రేమించాను అనేవాడి ప్రేమలో గౌరవం ఉండదని ఆమె గ్రహించింది. మూడో నిరాకరణ అధికారానికి. డార్సీ తల్లికి తోబుట్టువైన లేడీ కాథరిన్ బండి కట్టించుకుని ఇంటికొచ్చి, డార్సీని చేసుకోనని మాట ఇవ్వమంటుంది. తన కూతురికీ డార్సీకీ ఉయ్యాల్లోనే సంబంధం అనుకున్నామని వాదిస్తుంది. ఇది మన మేనరికం కాదు గానీ, పుట్టినప్పుడే సంబంధాలు అనుకోవడం ఎరిగిన మన పాఠకులకు ఈ వాదన బాగా తెలుసు. అప్పటికి డార్సీ మళ్లీ అడుగుతాడో లేదో ఎలిజబెత్‌కు తెలియదు. అయినా ఆ మాట మాత్రం ఇవ్వనంటుంది. తన బతుకు గురించి తను నిర్ణయించుకునే హక్కును ముందుగానే ఎవరికీ రాసివ్వనని ఆ నిరాకరణ సారాంశం.

ఈ సంగతులు ఆస్టిన్ ఊహించి రాసినవి కావు, ఆమె ఉన్న ఇంటివే. 1775 డిసెంబరు 16న హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్‌లో ఒక చర్చి గురువు ఇంట్లో పుట్టారు. ఈ నవల తొలి రూపాన్ని 1796–97లో, ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో రాశారు. తండ్రి దాని గురించి ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తే, రాతప్రతి చూడకుండానే వద్దన్నారు. 1802 డిసెంబరులో మానీడౌన్ ఎస్టేటు వారసుడు హారిస్ బిగ్-విదర్ ఆమెను పెళ్లాడమని అడిగాడు. సాయంత్రం సరేనన్నారు, తెల్లారేసరికి కాదన్నారు. అప్పటికి ఆమెకు 27 నిండడానికి రెండు వారాలే తక్కువ. షార్లెట్ లూకస్ వయసు. ఒప్పుకుని ఉంటే ఆమెకూ అక్క కసాండ్రాకూ జీవితాంతం లోటు ఉండేది కాదు. 1805లో తండ్రి పోయాక తల్లీ ఇద్దరు కూతుళ్లూ అన్నదమ్ములు పంపే డబ్బుతో ఇళ్లు మారుతూ బతికారు. ధనిక బంధువులు దత్తత తీసుకున్న అన్న ఎడ్వర్డ్ 1809లో చాటన్‌లో ఒక ఇల్లు ఇచ్చాకే ఆమె మళ్లీ స్థిమితంగా రాయగలిగారు. 1811లో వచ్చిన తొలి నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మీద ఒక మహిళ రాసింది అని తప్ప పేరు లేదు. దాని మీద 140 పౌండ్లు మిగిలాయి. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులు మాత్రం 150 పౌండ్లు ఆశించి చివరికి 110కే అమ్ముకున్నారు. 1817 జులై 18న 41 ఏళ్ల వయసులో కన్నుమూశాకే పుస్తకాల్లో ఆమె పేరు బయటపడింది. ఆస్తి లేని ఆడపిల్ల కాదంటే ఏమవుతుందో ఆమె అనుభవించి తెలుసుకున్నారు.

ఆ కుటుంబ చరిత్రలో మన దక్షిణదేశానికి కూడా ఒక పుట ఉంది. ఆస్టిన్ మేనత్త ఫిలడెల్ఫియా తల్లిదండ్రులు లేని పిల్ల. లండన్‌లో టోపీలు కుట్టే పని నేర్చుకుంది. కట్నం ఇచ్చుకోలేని ఇంగ్లీషు అమ్మాయిలు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల్లో వరుణ్ని వెతుక్కోవడానికి ఓడెక్కే రోజులవి. ఆమె 1752లో మద్రాసులో దిగింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కడలూరులో కంపెనీ వైద్యుడు టైసో సాల్ హాన్‌కాక్‌తో పెళ్లయింది. ముఖం తెలియని మనిషి కోసం ఆరునెలల సముద్ర ప్రయాణం చేయడాన్ని ప్రేమ అనలేం. అది గతిలేక చేసిన పని. మేనకోడలు దీన్ని మరిచిపోలేదు. పదహారేళ్ల వయసులో, 1792లో, రాయడం మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసిన ‘కాథరిన్’ అనే నవలలో దిక్కులేని ఒక పిల్లను బంధువులు పెళ్లి కోసం బెంగాల్ పంపిస్తారు. అక్కడ తనకన్నా రెట్టింపు వయసున్నవాడిని కట్టుకుని ఆమె సుఖపడదు. పెళ్లి ఒక బతుకుదెరువుగా మారిన చోట ఆడపిల్ల సరుకవుతుందన్న ఎరుక ఆస్టిన్‌కు ఆ వయసులోనే ఉంది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లోని నవ్వుల కింద ఉన్నది ఆ ఎరుకే.

ఇప్పుడు తొర్రూరు చుట్టుపక్కలకు వద్దాం. దగ్గర్లోనే బమ్మెర ఉంది, పోతన పేరు మోసే ఊరు. ఆయన భాగవతంలోని రుక్మిణీ కల్యాణం మంచి భర్త దొరకాలని పెళ్లికాని ఆడపిల్లల చేత చదివించడం తెలుగు ఇళ్లలో పాత ఆనవాయితీ. ఆ కథలో అన్న రుక్మి శిశుపాలుడి సంబంధం ఖాయం చేశాడు. రుక్మిణి ఆ సంబంధాన్ని కాదని, అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి ద్వారా తను కోరుకున్న కృష్ణుడికి కబురు పంపింది. తనకు తానుగా వరుణ్ని ఎంచుకున్న అమ్మాయి కథను భక్తితో చదివే జాతికి ఎలిజబెత్ పరాయిది కాదు. అదే ప్రాంతంలో పాలకుర్తి ఉంది. 1940ల్లో అక్కడ చిట్యాల ఐలమ్మ కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంటను కాజేయడానికి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేయని ప్రయత్నం లేదు. చాకలి కులంలో పుట్టిన ఆమె, సంఘం అండతో, ఆ పంటను ఇంటికి చేర్చుకుంది. ఐలమ్మది ప్రేమకథ కాదు. ఎలిజబెత్ ఎన్నడూ ఎరగని ఆకలి, హింస ఆమె ఎదుర్కొంది. ఆ రెంటినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. కానీ ఒక్క సత్యం రెండు చోట్లా ఒకటే: చేతిలో భూమి ఉందా లేదా అన్నదే ఆడది పెద్దవాళ్ల ముందు నిలబడి కాదనగల శక్తిని చాలావరకు తేలుస్తుంది. ఆ సత్యం ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

తెలుగు ప్రేమ నవల కూడా ఈ దారిలోనే నడిచింది. 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి 1960ల్లో ‘సెక్రటరీ’తో తెలుగునాట ప్రేమ నవలకు కొత్త పాఠకులను తెచ్చారు. 1976లో అది అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. ఆమె ‘మీనా’ 1973లో ఒకసారి, 2016లో ‘అ ఆ’గా మరోసారి తెరకెక్కింది. ‘సెక్రటరీ’లో జయంతి మధ్యతరగతి అమ్మాయి, రాజశేఖరం సంపన్నుడు, ఇద్దరి మధ్య అడ్డుగోడ ఆత్మాభిమానం. ఈ పోలిక అనుకరణ వల్ల రావాల్సిన పని లేదు. ఆస్తి ఒకవైపు, అభిమానం ఒకవైపు ఉన్న సమాజంలో ప్రేమకథ ఇలాగే పుడుతుంది. తేడా ఒక్కటే, అది చాలా పెద్దది: జయంతికి ఉద్యోగం ఉంది, నెల జీతం ఉంది. అందుకే ఆ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి చదువుకునే అమ్మాయిలకు అంత దగ్గరయ్యాయి. ఆస్టిన్ కాలంలోనూ 18 షిల్లింగుల పుస్తకం కొనలేనివాళ్లు అద్దె గ్రంథాలయాల్లో తెచ్చుకునే చదివారు. కాలిన్స్ అలాంటి పుస్తకం చూడగానే అదిరిపడి, తాను నవలలు చదవనని చెప్పి నీతిబోధల పుస్తకం అందుకుంటాడు. నవలలు చదివి ఆడపిల్లలు పాడైపోతున్నారని బాధపడిన పెద్దలు మనకూ కొత్త కాదు. ఆస్టిన్ మరో నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ 2000లో తమిళం నుంచి ‘ప్రియురాలు పిలిచింది’గా మన హాళ్లకు వచ్చింది. తాత వీలునామా వల్ల తల్లీ కూతుళ్లు సొంత ఇల్లు వదిలి వెళ్లే కథను మనవాళ్లు మన కథగానే చూశారు.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇంత ఆత్మగౌరవం చెప్పిన నవల చివరికి ఆ అమ్మాయికి అందరిలోకీ ధనవంతుణ్ని కట్టబెట్టి ముగిసింది కదా, కష్టాన్ని ఎత్తిచూపి కలతో సరిపెట్టింది కదా అంటారు. యద్దనపూడి నవలల మీద కూడా ఇదే విమర్శ వచ్చింది. ఈ మాటలో నిజం ఉంది. లాంగ్‌బోర్న్ ఇల్లు చివరికీ కాలిన్స్‌దే. ఆ కట్టడి చెక్కుచెదరలేదు, జేన్, ఎలిజబెత్‌ల అదృష్టం తప్ప ఏదీ మారలేదు. కానీ రెండు విషయాలు చూడాలి. డార్సీ రెండోసారి అడిగేనాటికి మొదటి డార్సీ కాడు. ఆమె మాట తగిలి తన నడవడి మార్చుకున్నాడు. ఎలిజబెత్ చెల్లెలు లిడియా వికమ్‌తో లేచిపోవడంతో ఆ కుటుంబానికి వచ్చిన అప్రతిష్ఠను ఎవరికీ చెప్పకుండా సొంత డబ్బుతో సర్దాడు. ఆ కాదు అన్న మాట లేకపోతే ఆ మార్పు లేదు. రెండోది, సుఖాంతం పక్కనే ఆస్టిన్ షార్లెట్‌నూ లిడియానూ నిలబెట్టారు. ఒకరిది రాజీ, ఒకరిది పతనం. ముగ్గురిలో ఎక్కువమందికి దక్కేది ఎలిజబెత్ బతుకు కాదని పుస్తకమే చెబుతోంది. కల ఒకరికే నిజమైందని చూపడం ఆ కల అందరికీ అందుతుందని నమ్మించడం కాదు.

రెండో అభ్యంతరం ఇరుకుతనం గురించి. నెపోలియన్ యుద్ధాలు జరుగుతున్న రోజుల్లో ఈ నవలలో విందులు, నడకలు, ఉత్తరాలు తప్ప ఏముంది? వంట చేసేవాళ్లు, పొలం దున్నేవాళ్లు ఎక్కడ? ‘జేన్ ఐర్’ రాసిన షార్లెట్ బ్రాంటీ కూడా ఆస్టిన్ లోకంలో బయటి గాలి ఆడదని ఒక ఉత్తరంలో తేల్చేశారు. పనివాళ్ల బతుకులు ఇందులో లేవన్నది ఒప్పుకోవాల్సిన లోపమే. ఐలమ్మ ఉన్న నేల మీద నిలబడి చదివేవాళ్లు ఆ ఖాళీని చూడకుండా ఉండలేరు, చూడాలి కూడా. అయితే ఇల్లు చిన్న ప్రపంచం, యుద్ధం పెద్ద ప్రపంచం అనే కొలతే సరైంది కాదు. దేశాల సంధి ఒప్పందాల కన్నా పెళ్లి ఒప్పందాలే ఎక్కువమంది ఆడవాళ్ల బతుకులు శాసించాయి. ఆ ఒప్పందాలను అంకెలతో సహా బయటపెట్టిన రచయిత్రిని సంకుచితురాలు అనడం కుదరదు.

మూడో అభ్యంతరం పెద్దలది. ఇలాంటి పుస్తకాలు చదివితే పిల్లలు మాట వినరు, లేచిపోతారు అని. నవలలో లేచిపోయిన అమ్మాయి ఎలిజబెత్ కాదు, లిడియా. ఇంకా పదహారేళ్ల పిల్ల, వికమ్ వెంట వెళ్లిపోతుంది. వికమ్ మనసులో పెళ్లి ఆలోచనే లేదు. అతని అప్పులు 1,000 పౌండ్లకు పైనే తీర్చి, మరో 1,000 ఆమె పేరున కట్టి, ఉద్యోగం కొనిచ్చి డార్సీ ఆ పెళ్లి జరిపించాల్సి వచ్చింది. కూతురికి లోకం తెలియజెప్పని తల్లిదండ్రుల బాధ్యత ఎంతో కూడా ఆస్టిన్ దాచలేదు. ఎలిజబెత్ దారి వేరు. తను ఆలోచించుకుంటుంది, నిర్ణయించుకుంటుంది, ఆ తర్వాత తండ్రి అంగీకారం కోరుతుంది. తండ్రి కూడా గౌరవం లేని చోటికి వెళ్లొద్దని, బాగా ఆలోచించుకోమని కూతుర్ని హెచ్చరిస్తాడు. ఇంటి పెద్దల్ని ధిక్కరించమని ఈ నవల చెప్పదు. అడగకుండా ఆడపిల్ల బతుకు తేల్చొద్దని పెద్దలకు చెబుతుంది. కూతురు చెప్పేది వినే ఇంట్లో లిడియాలు తక్కువ పుడతారు.

ఇంగ్లాండులో పెళ్లైన స్త్రీలకు సొంత ఆస్తి హక్కు 1870, 1882 చట్టాలతో వచ్చింది. మనకు 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కొంత ఇచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా కొడుకులకే ఉంచింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది కూతురికి పుట్టుకతోనే వచ్చిన హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని స్పష్టం చేసింది. అంటే ఎలిజబెత్‌కు లేనిది మన పిల్లలకు చట్టంలో ఉంది. కానీ కట్నం ఇచ్చాం కదా, పెళ్లి ఘనంగా చేశాం కదా అని అక్కచెల్లెళ్ల చేత హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకోవడం ఇంకా జరుగుతూనే ఉంది. కట్నం ఆమె చేతికి రాదు, భూమి ఆమె పేరున ఉండదు. కాదనాల్సిన రోజు వస్తే ఆమె వెనక నిలిచేది ఏదీ మిగలదు. అందుకే ఈ నవలను మన కాలేజీ పిల్లలు పరీక్ష కోసం కాక బతుకు కోసం చదవాలి. ఊరి గ్రంథాలయాల్లో పోతన పక్కన, యద్దనపూడి పక్కన ఆస్టిన్ కూడా ఉండాలి. తల్లిదండ్రులు కూడా చదవాలి. చదివాక కూతురికి పెళ్లి సంబంధం చూసే ముందు ఆమె వాటా ఆమె పేరున రాయండి, ఆ తర్వాత ఆమెకు ఏం కావాలో అడగండి.